నడుము నొప్పీ - నల్లమందూ

మనిషికి వచ్చే బాధలన్నిటిలో నడుము నొప్పికి ఒక ప్రత్యేకత వున్నది. చూపించడానికి దానికి గాయం వుండదు, జ్వరం వుండదు; చాలా సందర్భాలలో ఎక్స్‌రే చిత్రంలో కూడా ఏమీ కనిపించదు. నొప్పి వున్నదని చెప్పేది రోగి నోరు ఒక్కటే. ఆ నోటిమాటను నమ్మడమా, మానడమా అన్న ప్రశ్న వైద్యుని ముందు ఎప్పుడూ వుంటుంది. అది కేవలం వైద్యశాస్త్రంతో తేలే ప్రశ్న కాదు. చెప్పేవాడు ఎవడు, వినేవాడు ఎవరి జీతం తీసుకుంటున్నాడు, నమ్మితే ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది - ఈ మూడూ చూడకుండా నడుము నొప్పి చరిత్ర అర్థం కాదు.

గత ముప్ఫై ఏళ్ళుగా, ముఖ్యంగా అమెరికాలో, ఈ నొప్పికి నల్లమందు జాతి మందులు ఇవ్వవచ్చునా కూడదా అనే వివాదం నడుస్తూ వున్నది. గసగసాల కాయల పాలనుండి తీసిన మార్ఫిన్, కొడైన్‌లూ, ఆ పాలలోని పదార్థాలను మార్చి చేసిన ఆక్సికోడోన్, పూర్తిగా ప్రయోగశాలలోనే పుట్టిన ఫెంటనిల్ - ఇవన్నీ ఆ జాతివే. నొప్పితో కుమిలిపోయేవానికి మందు నిరాకరించడం క్రూరత్వమని ఒక పక్షం వాదించింది. మందు ఇచ్చి మనిషిని బానిసను చేయడం అంతకన్న క్రూరత్వమని రెండవ పక్షం వాదించింది. రెండు వాదాలలోనూ సత్యం వున్నది. కాని రెండు పక్షాలూ ఒక ప్రశ్నను వెనక్కు నెట్టివేసినవి: ఆ నడుము ఏ పనిచేసి వంగిపోయింది? అది కోలుకునేటందుకు కావలసిన కాలానికి వెల ఎవరు చెల్లించాలి? ఆ ప్రశ్నను మళ్ళీ ముందుకు తేవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నడుము నొప్పి కోర్టుకు ఎక్కడం కొత్త సంగతి కాదు. పందొమ్మిదవ శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో రైళ్ళు విస్తరించిన కొద్దీ ప్రమాదాలూ పెరిగినవి. ఒంటిమీద దెబ్బ కనిపించకపోయినా నెలల తరబడి నడుము నొప్పితోనూ, నీరసంతోనూ బాధపడిన ప్రయాణీకులు కంపెనీలనుండి నష్టపరిహారం కోరారు. జాన్ ఎరిక్ ఎరిక్‌సన్ అనే లండను శస్త్రవైద్యుడు 1866లో వెన్నుపాముకు తగిలిన కుదుపే దీనికి కారణమని రాశాడు. ఈ జబ్బుకు "రైల్వే వెన్ను" అనే పేరే స్థిరపడింది. 1883లో హెర్బర్ట్ పేజ్ అనే మరొక శస్త్రవైద్యుడు దీన్ని ఖండిస్తూ, వెన్నులో ఏ గాయమూ లేదు, ఇదంతా భయంవల్ల నరాలకు కలిగిన వికారమని వాదించాడు. పేజ్ ఒక పెద్ద రైల్వే కంపెనీకి శస్త్రవైద్యుడన్న సంగతి ఇక్కడ మరచిపోరాదు. ఆయన చెప్పినదంతా అబద్ధమని దీని అర్థం కాదు. మనసుకు తగిలిన దెబ్బ శరీరాన్ని పీడిస్తుందన్న మాట తరువాతి శాస్త్రం కొంతవరకు ఒప్పుకున్నదే. కాని ఏ సత్యం ఎవరికి ఉపకరించిందో చూడడం చరిత్రకారుని విధి.

1934లో బోస్టన్ వైద్యులు మిక్స్టర్, బార్ అనేవారు వెన్నుపూసల మధ్య వుండే మెత్తని బిళ్ళ చిట్లి నరాన్ని నొక్కడంవల్ల నొప్పి వస్తుందని చూపించారు. ఎట్టకేలకు నడుము నొప్పికి కంటికి కనిపించే కారణం దొరికిందని వైద్యలోకం సంతోషించింది. శస్త్రచికిత్సలు పెరిగినవి. అయితే అటువంటి స్పష్టమయిన కారణం దొరికేది కొద్దిమందిలోనే. తక్కిన పెద్ద సంఖ్యకు నొప్పి వున్నది, చూపించే గాయం లేదు. 2020 నాటికి ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షలమంది నడుము నొప్పితో బాధపడుతున్నారని అంచనా. మనుషులను పనికి దూరం చేసే జబ్బులలో దీనిదే మొదటి స్థానం.

ఇక నల్లమందు కథ. జర్మనీలో పాడర్‌బార్న్ పట్టణంలో మందుల దుకాణంలో పనిచేసే సెర్టుర్నర్ అనే యువకుడు 1805 ప్రాంతంలో నల్లమందునుండి మార్ఫిన్‌ను వేరుచేశాడు. 1850 తరువాతి దశాబ్దంలో ఎడింబరోలో అలెగ్జాండర్ వుడ్ దాన్ని సూదితో చర్మం కిందకు ఎక్కించడం మొదలుపెట్టాడు. నోటితో తింటేనే అలవాటు పడుతుంది, సూదితో ఇస్తే పడదు అని ఆనాడు చాలామంది నమ్మారు. అది తప్పని తేలింది. 1898లో బేయర్ కంపెనీ హెరాయిన్‌ను దగ్గుమందుగా అమ్ముతూ, ఇది మార్ఫిన్‌వలె అలవాటు పడేది కాదన్నది. అదీ తప్పని తేలింది. ప్రతి తరంలోనూ ఒక కొత్త రూపం రావడం, అది అలవాటు పడదని చెప్పడం, సరుకు అమ్ముడుపోయిన తరువాత సత్యం బయటపడడం - ఈ క్రమాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దాని దగ్గరకే రావలసి వుంటుంది.

పందొమ్మిదవ శతాబ్దం చివరి అమెరికాలో మార్ఫిన్‌కు బానిసలయినవారిలో ఎక్కువమంది వీధి రౌడీలు కారు. వైద్యులే మందు అలవాటు చేసిన మధ్యతరగతి స్త్రీలు. అప్పుడు ప్రభుత్వం మేల్కొన్నది. 1914లో హారిసన్ చట్టం వచ్చింది. దాని అమలు ఎంత కఠినంగా సాగిందంటే, బానిసకు మందు రాసిచ్చిన వైద్యుడిని కూడా జైలుకు పంపారు. ఫలితంగా వైద్యులు మార్ఫిన్ పేరు చెబితేనే జంకే పరిస్థితి ఏర్పడి అర్ధశతాబ్దం సాగింది. కాన్సరుతో చనిపోతున్నవారు సైతం మందు అందక అరుస్తూ ప్రాణాలు విడిచారు.

ఈ క్రూరత్వంపై తిరుగుబాటు వచ్చింది. రావడం న్యాయం కూడా. లండనులో సిసిలీ సాండర్స్ 1967లో సెయింట్ క్రిస్టఫర్ ఆశ్రమాన్ని స్థాపించి, చనిపోయేవారికి వేళకు మార్ఫిన్ ఇస్తే వారు ప్రశాంతంగా, స్పృహతో కడదాకా బతకగలరని చూపించింది. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సరు నొప్పికి మూడు మెట్ల పద్ధతిని ప్రకటించింది. మామూలు మాత్రలు మొదటి మెట్టు, మార్ఫిన్ చివరి మెట్టు. ఇంతవరకు ఇది మానవత్వం సాధించిన విజయం.

తప్పు ఆ తరువాతి అడుగులో జరిగింది. కాన్సరు నొప్పికి చెల్లిన న్యాయం నడుము నొప్పికి ఎందుకు చెల్లదు అన్నారు. వినడానికి ఈ వాదన ఎంతో సబబుగా వుంటుంది. కాని రెండింటికీ మధ్య కాలం అనే గోడ వున్నది. నల్లమందు జాతి మందులకు శరీరం అలవాటు పడుతుంది. నిన్నటి మోతాదు రేపు చాలదు. మానితే ఒళ్ళు విరుచుకుపోతుంది. కొందరిలో మందే నొప్పిని ఎక్కువ చేస్తుంది కూడా. నెలల్లో చనిపోయేవానికి ఈ లెక్కలతో పనిలేదు. నలభై ఏళ్ళ వయసులో నడుము పట్టుకుని కూర్చున్న పనివాడు మరొక ముప్ఫై ఏళ్ళు బతకాలి.

ఆ గోడను దాటడానికి రెండు చిన్న కాగితాలు నిచ్చెనగా ఉపయోగపడినవి. 1980 జనవరిలో ఒక ప్రసిద్ధ అమెరికన్ వైద్య పత్రికలో పోర్టర్, జిక్ అనే ఇద్దరు అయిదు వాక్యాల ఉత్తరం ఒకటి ప్రచురించారు. ఆసుపత్రిలో మత్తుమందు పుచ్చుకున్న 11,882 మందిలో కొత్తగా వ్యసనం పట్టినది నలుగురికే కనిపించిందన్నారు. వీరంతా ఆసుపత్రి మంచాలమీద, నర్సుల కళ్ళ ఎదుట మందు పుచ్చుకున్నవారు. ఇంటికి సీసా తీసుకుపోయి ఏళ్ళ తరబడి మింగినవారి గురించి అందులో ఒక్క అక్షరమూ లేదు. రెండవది 1986లో పోర్టినాయ్, ఫోలీ ప్రకటించిన వ్యాసం. కాన్సరు కాని నొప్పులతో బాధపడిన 38 మంది రోగుల అనుభవమే దానికి ఆధారం. ముప్ఫై ఎనిమిదిమంది! ఒక పల్లెటూరి బడిలో ఒక్క తరగతిలో వుండే పిల్లలంత సంఖ్య.

2017లో పరిశోధకులు లెక్క తీయగా ఆ అయిదు వాక్యాల ఉత్తరాన్ని అప్పటికి 608 సార్లు ఇతర రచనలలో ప్రమాణంగా పేర్కొన్నట్లు తేలింది. వాటిలో నూటికి 80కి పైగా రచనలు, ఆ రోగులు ఆసుపత్రిలో వున్నవారన్న సంగతే చెప్పలేదు. శాస్త్రగ్రంథాలు చదివేవారు కూడా మూలం చూడకుండా ఒకరిని చూసి ఒకరు రాస్తూ పోతే పుకారుకు శాస్త్రమన్న ప్రతిష్ఠ వస్తుందనడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు. సాహిత్య విమర్శలో మనం కూడా ఈ పని చేయడంలేదని ఎవరయినా గుండెమీద చేయి వేసుకుని చెప్పగలరా?

అయితే పుకారు దానంతట అది లోకం చుట్టిరాదు. దానికి బండి కావాలి. ఆ బండిని పర్డ్యూ ఫార్మా అనే కంపెనీ సమకూర్చింది. ఆక్సికోడోన్ కొత్త పదార్థమేమీ కాదు. 1916లోనే జర్మనీలో తయారయింది. దాన్ని మెల్లమెల్లగా కరిగే మాత్రగా చేసి, ఆక్సీకాంటిన్ అనే పేరు పెట్టి, 1996లో కంపెనీ బజారులోకి దించింది. ఈ మాత్రలో మందు మెల్లగా విడుదలవుతుంది కాబట్టి దుర్వినియోగం తక్కువని నమ్ముతున్నట్లు ప్రభుత్వం ఆమోదించిన చీటీలోనే రాశారు. ఆ మాటకు ప్రయోగాల ఆధారం లేదు. మాత్రను నలిపితే మందంతా ఒక్కసారే బయటికి వస్తుందని జనం త్వరలోనే కనిపెట్టారు. 1996-2001 మధ్య కంపెనీ తన ఖర్చుతో 40కి పైగా సభలు జరిపి, అయిదువేలకు మించి వైద్యులనూ, మందుల దుకాణాలవారినీ, నర్సులనూ అతిథులుగా పిలిచింది. వ్యసనం పట్టే ప్రమాదం నూటికి ఒకటికన్న తక్కువ అని దాని అమ్మకందారులు ఊరూరా ప్రచారం చేశారు. 1996లో 4 కోట్ల 80 లక్షల డాలర్లుగా వున్న అమ్మకం 2000 నాటికి 110 కోట్ల డాలర్లకు చేరింది. కాన్సరు కాని నొప్పులకు ఈ ఒక్క మందు రాసిన చీటీలు 1997లో సుమారు 6 లక్షల 70 వేలు. 2002లో సుమారు 62 లక్షలు. ఈ నొప్పులలో నడుము నొప్పిది పెద్ద పీట.

అదే కాలంలో నాడి, ఊపిరి, రక్తపుపోటు, ఒంటివేడిమివలె నొప్పిని కూడా అయిదవ ప్రాణలక్షణంగా కొలవాలని అమెరికన్ నొప్పి వైద్యుల సంఘం ప్రచారం చేసింది. 2001లో ఆసుపత్రులకు యోగ్యతాపత్రాలిచ్చే సంస్థ నొప్పిని కొలిచి చికిత్స చేయాలని నియమం చేసింది. నాడిని లెక్కపెట్టవచ్చు. నొప్పిని సున్నానుండి పది వరకు రోగి చెప్పే అంకెగానే రాయగలరు. అంకె రాసిన తరువాత దాన్ని తగ్గించాలి. తగ్గించే సాధనాలలో అతి చవక, అతి శీఘ్రం మాత్ర.

ఇక్కడ ఒక సంగతి ప్రత్యేకంగా గమనించాలి. దీర్ఘకాలపు నొప్పికి మరొక మార్గం అమెరికాలోనే పుట్టింది. సియాటిల్‌లో జాన్ బోనికా అనే వైద్యుడు 1960 తరువాతి సంవత్సరాలలో వైద్యులు, వ్యాయామ చికిత్సకులు, మనస్తత్వ నిపుణులు కలిసి ఒకే రోగిని చూసే నొప్పి చికిత్సాలయాన్ని అభివృద్ధి చేశాడు. ఆ పద్ధతి దేశమంతా వ్యాపించింది. కాని దానికి వారాలు పడుతుంది, మనుషులు కావాలి. 1990 తరువాత భీమా కంపెనీలు ఆ ఖర్చు భరించడానికి నిరాకరించినవి. చికిత్సాలయాలు ఒక్కొక్కటే మూతపడినవి. మాత్ర ఖర్చు మాత్రం భీమా ఇచ్చేది. ఈ విధంగా ఏది శాస్త్రమో తేలకముందే ఏది చవకో తేలిపోయింది.

మందు ఎక్కడ ఎక్కువగా పారింది? మెయిన్ రాష్ట్రం, పశ్చిమ వర్జీనియా, తూర్పు కెంటకీ, నైరుతి వర్జీనియాలలో మొట్టమొదట అలజడి పుట్టింది. వీటిలో చాలా భాగం బొగ్గు గనులు, కలప కొట్టే అడవులు వున్న ప్రాంతాలు. తక్కువ ఎత్తు పొరలో వంగి బొగ్గు తవ్వినవాని నడుము ఎట్లా వుంటుందో సింగరేణి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఏ వైద్యులు మందు ఎక్కువగా రాస్తారో జాబితాలు కొనుక్కుని కంపెనీ తన మనుషులను వారి దగ్గరకే పంపింది. వర్జీనియాలోని లీ కౌంటీలో గనికార్మికుల మధ్య పనిచేసిన ఆర్ట్ వాన్ జీ అనే వైద్యుడు ప్రమాదాన్ని ముందుగా చాటినవారిలో ఒకడు. ఆ తరువాత 2009లో అమ్మకాల చరిత్రను అంకెలతో సహా ప్రకటించినవాడు.

ఈ సంబంధాన్ని మసాచుసెట్స్ రాష్ట్ర ఆరోగ్యశాఖ 2018లో తేటతెల్లం చేసింది. 2011-15 మధ్య ఈ మందులు మోతాదు మించి చనిపోయినవారి వృత్తులను అది లెక్క తీసింది. కట్టడపు పనివారు, గనులు క్వారీల పనివారు చనిపోయిన రేటు పనివారందరి సగటుకు ఆరు రెట్లు. దెబ్బలు ఎక్కువగా తగిలే పనులలోనూ, జబ్బు చేసినప్పుడు జీతంతో సెలవు దొరకని పనులలోనూ చావులు ఎక్కువ. ఇంతకన్న స్పష్టమయిన సాక్ష్యం ఏమి కావాలి? జబ్బు సెలవుకు జీతం ఇవ్వాలని నిర్బంధించే జాతీయ చట్టం అమెరికాలో లేదు. పొద్దున్న పనికి పోకపోతే కూలి పోతుంది. మాత్ర వేసుకుంటే పోగలడు. పనివాడు మత్తుకోసం మాత్ర పుచ్చుకోలేదు, పనికోసం పుచ్చుకున్నాడు.

2007లో కంపెనీ అనుబంధ సంస్థా, ముగ్గురు పెద్ద ఉద్యోగులూ మందు గురించి తప్పుడు ప్రచారం చేసినట్లు కోర్టులో ఒప్పుకుని 63 కోట్ల డాలర్లకు పైగా చెల్లించారు. జైలుకు ఎవరూ పోలేదు. అమ్మకం ఆగలేదు. 2012లో అమెరికాలో ఈ జాతి మందులకు రాసిన చీటీలు 25 కోట్ల 50 లక్షలు. 2020లో కంపెనీ మళ్ళీ నేరం ఒప్పుకున్నది. 1999-2019 మధ్య నల్లమందు జాతి పదార్థాలవల్ల, చీటీతో కొన్నవీ దొంగతనంగా కొన్నవీ కలిపి, అయిదు లక్షలమందికి దగ్గరగా చనిపోయారు.

మరి శాస్త్రం ఏమి చెప్పింది? ఈ మందు నడుము నొప్పికి ఏడాదిపాటు ఇస్తే పనిచేస్తుందా అన్న సూటి ప్రశ్నకు సరయిన ప్రయోగం 2018లో వెలువడింది - ఆక్సీకాంటిన్ వచ్చిన ఇరవైరెండేళ్ళకు! మిన్నియాపొలిస్‌లో మాజీ సైనికులు 240 మంది మీద, నడుము నొప్పికీ మోకాలు, తుంటి కీళ్ళ నొప్పులకూ జరిపిన పరీక్ష అది. ఏడాది తరువాత రోజువారీ పనులు చేసుకోగల శక్తిలో రెండు జట్లకూ భేదం లేదు. నొప్పి మాత్రం మామూలు మందులు వాడినవారికే కొంచెం తక్కువగా వున్నది. 2023లో ఆస్ట్రేలియా పరిశోధకులు, కొత్తగా నడుము లేక మెడ నొప్పి వచ్చిన 347 మందిలో కొందరికి ఆక్సికోడోన్, కొందరికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. ఆరు వారాల తరువాత ఆక్సికోడోన్‌వల్ల అదనంగా ఒరిగినదేమీ లేదు. ఈ ప్రయోగాలు 1996కు ముందు జరపడానికి సాంకేతికమయిన ఆటంకమేదీ లేదు. జరపవలసిన అవసరం లాభానికి కనిపించలేదు, అంతే.

కథ ఇక్కడితో ముగిస్తే మన వ్యాసం కూడా ఏకపక్షమవుతుంది. 2016లో అమెరికా ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ కేంద్రం, మోతాదులు తగ్గించమని వైద్యులకు సలహాలు ప్రకటించింది. భీమా కంపెనీలూ, రాష్ట్ర ప్రభుత్వాలూ, ఆసుపత్రులూ ఆ సలహాను లాఠీగా మార్చినవి. పదేళ్ళుగా మందుమీద బతుకుతున్నవారికి ఒక్కసారిగా మందు ఆపివేశారు. శరీరం దానికి అలవాటు పడిన తరువాత హఠాత్తుగా ఆపడం మరొక హింస. కొందరు ఆత్మహత్యకు పాల్పడ్డారు. కొందరు వీధిలో దొరికే హెరాయిన్‌కూ, దానికన్న ఎన్నోరెట్లు బలమయిన ఫెంటనిల్‌కూ పోయారు. 2019లో సలహాలు రాసినవారే, తమ మాటలను దుర్వినియోగం చేశారని ప్రకటించవలసి వచ్చింది. 2022లో సలహాలను సవరించారు. ఈ మధ్యలో చీటీలు తగ్గినవి గాని చావులు తగ్గలేదు. 2021 ఒక్క సంవత్సరంలోనే 80 వేలకు మించినవి. మొదట మాత్రను చూపి పనివాడిని పనికి తోలారు. తరువాత మాత్రను లాక్కుని వీధికి తోలారు. నడుము మాత్రం ఉన్నచోటనే వున్నది.

మన మిత్రులు కొందరు ఇదంతా ఒక కంపెనీ కుట్ర అని సరిపెట్టుకుంటారు. కుట్ర వున్నమాట కోర్టులోనే రుజువయింది. కాని కుట్ర ఒక్కటే చాలదు. పోర్టినాయ్ వంటి వైద్యులు నొప్పిపట్ల నిజమయిన జాలితోనే బయలుదేరారు. 2012లో ఆయనే తాను బోధించినదానిలో తప్పుడు సమాచారం వున్నదని ఒప్పుకున్నాడు. జాలిని సరుకుగా మార్చగల శక్తి ఆ వ్యవస్థకు వున్నదన్నదే అసలు పాఠం. మరికొందరు నడుము నొప్పంతా మానసికమేనని తేల్చివేస్తారు. ఇది రైల్వే కంపెనీ వైద్యుని గొంతు. దీర్ఘకాలపు నొప్పిలో శరీరం, మనస్సు, బతుకుతెరువు పెనవేసుకుని వుంటాయని ఈనాటి శాస్త్రం అంటున్నది. మంచాన పడుకోకుండా మెల్లగా కదలమని వైద్యులు సలహా ఇస్తారు. సలహా మంచిదే. గుమాస్తాకు కదలడమంటే సాయంకాలపు నడక. కట్టడపు కూలీకి కదలడమంటే తలమీద సిమెంటు తట్ట. తేలిక పని, జీతంతో గడువు లేనిదే ఆ సలహా సగం జనానికి వర్తించదు.

మన దేశానికి ఈ చరిత్రతో నేరుగా సంబంధం వున్నది. ఈస్టిండియా కంపెనీ బీహారు, కాశీ ప్రాంతాల రైతులచేత గసగసాలు పండించి చైనాలో అమ్మించింది. 1839లోనూ, 1856లోనూ ఆ వ్యాపారంకోసం యుద్ధాలు జరిగినవి. 1820లో స్థాపించిన గాజీపూర్ నల్లమందు కర్మాగారం స్వతంత్ర భారతంలో ప్రభుత్వ సంస్థ అయింది. 1981లో అమెరికా చేసిన నిబంధన ప్రకారం అక్కడి మందుల కంపెనీలకు కావలసిన ముడిసరుకులో 80 వంతులు భారతదేశం, టర్కీలనుండే పోవాలి. ఇంత నల్లమందు పండించే దేశంలో కాన్సరు రోగికి మార్ఫిన్ దొరికిందా? 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం లైసెన్సులమీద లైసెన్సులు పెట్టింది. 1997 నాటికి దేశంలో మార్ఫిన్ వాడకం నూటికి 97 వంతులు పడిపోయింది. 1993లో కోజికోడులో ఎం. ఆర్. రాజగోపాల్ మొదలయినవారు ప్రారంభించిన ఉపశమన వైద్య సంఘమూ, ఆ తరువాత సాగిన దీర్ఘమయిన ఆందోళనా ఫలించి 2014లో చట్టం సవరణ పొందింది. అయినప్పటికీ పల్లెటూరి పేదవానికి ఆ మందు ఇంకా దూరంలోనే వున్నది.

కాబట్టి అమెరికా కథ విని, మత్తుమందులన్నీ నిషేధించాలని మనవారు కేకలు వేస్తే, దెబ్బ తగిలేది చనిపోతున్న పేదవానికే. నొప్పికి మందు కావాలన్నవానిని మార్కెట్టుకూ అప్పగించకూడదు, పోలీసుకూ అప్పగించకూడదు. చనిపోయేవానికి మార్ఫిన్ అతని హక్కు. నడుము విరిగిన పనివానికి మార్ఫిన్ ఇవ్వడం అతని హక్కును ఎగవేయడం. అతనికి కావలసినవి వ్యాయామ చికిత్స, బరువుకు హద్దు, కోలుకునేవరకు కూలి. నాట్లకు వంగిన ఆడకూలీ నడుము పట్టుకుని ఆసుపత్రికి వస్తే, ఆమె చేతిలో పెట్టే మాత్ర ఏదన్నది రెండవ ప్రశ్న. రేపు పనికి పోకపోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలుగుతుందా అన్నది మొదటి ప్రశ్న. వైద్య విద్యార్థులు ఈ మొదటి ప్రశ్నను పాఠ్యగ్రంథంలో వెతికితే దొరకదు. వారే దాన్ని తరగతి గదిలోకి తీసుకుపోవాలి.